మాల్టాకి ఇద్దరమే

ఫిబ్రవరి 3, మంగళవారం. ఉదయం 7:10

ఫ్రీమాంట్ నుంచి శాంటా క్లారాలో ఆఫీసుకి వెళ్లే రైల్లో కిటికీ సీటు దొరికింది. డైరీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతూ మైత్రి అంది: "ఎక్కడికైనా వెళ్దామండీ. నాలుగు రోజులు చాలు. మనిద్దరమే."

పెళ్లయి ఇరవై రెండేళ్లు. మా అమ్మాయి రియా శాన్ డియేగో కాలేజీలో చేరి ఐదు నెలలు. ఇన్నేళ్లలో మేమిద్దరమే వెళ్లిన ట్రిప్పులు ఎన్నో లెక్కేశాను. ఎల్లోస్టోన్: పద్నాలుగు మంది. హవాయి: పంతొమ్మిది మంది. ఊటీ హనీమూన్: నలుగురం, అక్కా బావా తోడొచ్చారు. మొత్తం: సున్నా.

కాబట్టి ప్రతిజ్ఞ:

1. మే నెలలో వాలెట్టా. మాల్టా రాజధాని. మ్యాప్‌లో ఇటలీ కింద చుక్కంత దీవి. మధ్యధరా సముద్రం ఒడ్డున కోటగోడ, గోడ లోపల నాలుగున్నర శతాబ్దాల ఊరు.
2. ఇద్దరమే.
3. ఎవరికీ చెప్పను. పొరపాటున చెప్పినా "మీరూ రండి" అనను.

మూడోదాని కింద రెండు గీతలు గీశాను.

ఫిబ్రవరి 5, గురువారం. సాయంత్రం 6:00

అద్భుతంగా సాగుతోంది. ఎక్సెల్‌లో ఏడు షీట్లు: కోటగోడ, పడవ, కాఫీ, సూర్యాస్తమయం, వర్షం వస్తే, కాళ్లు నొప్పి పుడితే, ఇతరములు. వీధి మీదికి చెక్క బాల్కనీ ఉన్న హోటల్ గది బుక్ చేశాను. గది ఫోటోని మైత్రి చాలాసేపు చూసింది.

"బాల్కనీలో రెండే కుర్చీలు పడతాయి," అంది.

బాల్కనీ చిన్నదని ఫిర్యాదు అనుకుని 'ఇతరములు'లో రాసుకున్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం. మధ్యాహ్నం 12:40

ఆఫీస్ కాంటీన్. రఘువీర్ నా పక్క సీటువాడు, పదేళ్ల స్నేహం. వెనకనుంచి నా లాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు.

"ఏంది భయ్యా, మాల్టా పోతున్నరా?"

"ఊరికే చూస్తున్నా."

"ఎప్పుడు?"

"మేలో," అన్నాను. అంతటితో ఆగాలి. నోరు ఆగలేదు. "మీరూ రండి."

ఇది ఆహ్వానం కాదు. మర్యాద. ఎదుటివాళ్లు "ఈసారికి మీరు వెళ్లిరండి, ఇంకోసారి చూద్దాం" అనాలి. మనవాళ్లందరికీ తెలిసిన పద్ధతి ఇది. రఘువీర్‌ని మాత్రం ఎవరూ పద్ధతిగా పెంచలేదు.

"పక్కా వస్తం. నమ్రతకి ఇప్పుడే మెసేజ్ కొడుతున్న."

భార్య, ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురు. ఇంటికొచ్చి మైత్రికి చెప్పాను. "పర్లేదులెండి," అని కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

ఆలోచిస్తే పెద్ద నష్టమేమీ లేదు. హోటల్ వేరు, సాయంత్రాలు వేరు. ప్రతిజ్ఞ పూర్తిగా భంగం కాలేదు, కొద్దిగా వంగింది.

ఫిబ్రవరి 22, ఆదివారం. ఉదయం 11:30

గుడిలో రామమోహనరావు గారు, కామేశ్వరి గారు కలిశారు. ఆయన రిటైరైన గుండె డాక్టరు. ఈ ఊళ్లో సగంమంది తెలుగువాళ్ల రిపోర్టులు ఆయనకి కంఠతా వచ్చు.

"వేసవికి ఎక్కడికైనా వెళ్తున్నారా అమ్మా?" అని కామేశ్వరి గారు అడిగారు.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ," అంది మైత్రి. ఎంత చక్కగా చెప్పిందో! అక్కడితో సరిపోయేది. ప్రసాదం దొన్నెతో మధ్యలో దూరి మాల్టా గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చింది నేనే. చివర్న ఆ రెండు మాటలూ అన్నదీ నేనే.

"మాకు మెట్లు పడవు నాయనా," అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చి రెండు గంటలు వెతికాను. వాలెట్టా అంతా మెట్లే. కానీ రేవు నుంచి పైకి లిఫ్ట్ ఉంది! గంతేసి ముందు డాక్టరు గారికి, తర్వాత మైత్రికి చెప్పాను. ఆమె "మంచిదేగా" అంది. డాక్టరు వెంట ఉంటే మనకే ధైర్యం అని కూడా అన్నాను. నా బీపీ నూట ఇరవై బై ఎనభై.

మార్చి 1, ఆదివారం. ఉదయం 9:15

పక్క రాష్ట్రం, చాండ్లర్ నుంచి బావ రాజారావు ఫోన్.

"ఏమోయ్ చక్రపాణీ, మాల్టా అట. గుళ్లో వాళ్లకి చెప్తావు, మేం పరాయివాళ్లమైపోయామా?"

"అయ్యో, అదేం మాట బావా. మీరూ..."

పూర్తి చేయాల్సిన అవసరం రాలేదు. బావ, అక్క, బావ తమ్ముడు. ఇప్పుడు మొత్తం పదకొండు మందిమి.

మధ్యాహ్నానికి 'మాల్టా మస్తీ' అని వాట్సాప్ గ్రూప్ వెలిసింది. బాల్కనీ గది క్యాన్సిల్. ఊరికి అరగంట దూరంలో వంటిల్లున్న పెద్ద విల్లా బుక్. అక్కడి కరెంటుకి మన రైస్ కుక్కర్ పనిచేస్తుందా లేదా అన్నదాని మీద నలభై ఆరు మెసేజ్‌లు. ఆవకాయ అక్క తెస్తుంది. కందిపొడి నమ్రత. మొదటి రోజు పదకొండు మందికి పులిహోర మైత్రి. ఏకగ్రీవంగా తీర్మానించారు. మైత్రి గ్రూప్‌లో దణ్ణం బొమ్మ పెట్టింది.

మార్చి 8, ఆదివారం. సాయంత్రం 4:00

షీట్లు పంతొమ్మిదయ్యాయి. స్నానాల వరస కూడా వేశాను. అయినా అసలు సంగతి మర్చిపోలేదు. మూడో రోజు 4:10 నుంచి 4:35 దాకా కోటగోడ మీద నేనూ మైత్రీ మాత్రమే. పసుపు రంగు పూసి గర్వంగా చూపించాను.

"ఇరవై అయిదు నిమిషాలా?" అంది.

"నాలుగింటికి అక్కడ ఫిరంగి పేలుస్తారట. అది అయిపోగానే జనం పలచబడతారు."

ఆమె లాప్‌టాప్ మూసింది. గట్టిగా కూడా కాదు.

"నాతో నాలుగు రోజులు ఉండటానికి మీకు తొమ్మిదిమంది తోడు కావాలా?"

నా దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. పెద్దవాళ్లు, మొహమాటం, బావ అలుగుతాడు. అన్నీ వరసగా చెప్పాను.

"మీరంతా వెళ్లిరండి. నేను రాను. పులిహోర పులుసు కాచి సీసాలో పెట్టిస్తాను," అంది.

మార్చి 9, సోమవారం. ఉదయం 7:10

రైలు. నిలబడి రాస్తున్నాను.

మర్యాద, మొహమాటం అని నెల రోజులుగా రాసిందంతా అబద్ధం. నిన్న భోజనాల దగ్గర మా సంభాషణ ఇదీ:

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"రియా ఫోన్ చేసిందా?"

"చేసింది."

రియా వెళ్లాక రోజూ ఇంతే. నాలుగు రోజులంటే పన్నెండు భోజనాలు. పక్కన సముద్రం ఉన్నా పన్నెండు పన్నెండే. రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఈ మనిషి దగ్గర మాట్లాడటానికి ఏమీ లేదని మైత్రికి తెలిసిపోతుందని నా భయం. అందుకే దొరికినవాళ్లనల్లా రమ్మన్నాను. ఆమె ఊరు చూద్దామని అడగలేదు. నన్ను అడిగింది. నేను మినీబస్సు మాట్లాడాను.

మార్చి 14, శనివారం. ఉదయం 10:00

మేమిద్దరం రావడం లేదని గ్రూప్‌లో పెట్టాను. గ్రూప్ కుప్పకూలుతుందనుకున్నాను.

రఘువీర్: "అయ్యో భయ్యా. ఆ ఎక్సెల్ మాత్రం పంపు."

బావ: "మరి పులిహోర ఎవరు చేస్తారు?"

తొమ్మిది నిమిషాల్లో మా గది బావ తమ్ముడికిచ్చారు. సోఫా మీద పడక తప్పినందుకు అతను నాకు విడిగా ధన్యవాదాలు పంపాడు. నేను లేనిదే జరగదనుకున్న ట్రిప్పు నేను లేకుండా మరింత హాయిగా జరుగుతోంది. కొంచెం ఉక్రోషంగా ఉంది.

మార్చి 15, ఆదివారం. సాయంత్రం 6:20

ఊరి దగ్గరి సముద్రపాయ, బే పక్కన నడకకి వెళ్లాం. గ్రూప్ నుంచి బయటికొచ్చామని చెప్పాను. "ఊ" అంది. తర్వాత పదకొండు నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. వాచీ చూశాను కాబట్టి తెలుసు.

ఇక ఆగలేక చెప్పేశాను. "మైత్రీ, నాకు భయమేసింది. నాలుగు రోజులు నీతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

ఆమె నడక ఆపింది. కోపం వచ్చిందనుకున్నాను.

"నాకు మాత్రం తెలుసా?" అంది. "నాకూ భయమేనండీ. అందుకే నాలుగు రోజులే అడిగాను. లేకపోతే వారం అడిగేదాన్ని."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పక్కనుంచి పరిగెత్తుతున్నావిడ చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి మరీ మావైపు చూసింది. అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్లో టికెట్లు వెతికాను.

ప్రతిజ్ఞ. మళ్లీ మొదటి రోజు. వాలెట్టా, అక్టోబర్, ఇద్దరమే. ఐదు రోజులు.

"ఐదో రోజు ఎందుకు?" అంది మైత్రి.

"భయం పోవడానికి నాలుగు పడుతుందేమో," అన్నాను.