సాక్ష్యంలో వదిలేసిన మాట

షీబా పిన్నికి వందనాలు.

ఫోన్ చేస్తే నీ పక్కన ఎవరుంటారోనని రాస్తున్నాను. ఈస్టరుకు వచ్చినప్పుడు మన చీపురుపల్లి చర్చిలో నిలబడి, విశాఖ ల్యాబులో నేను పెంచే నులిపురుగుల గురించి సాక్ష్యం చెప్పాను కదా. ఒక మందు పెడితే వాటి ఒంట్లో శక్తి పుట్టించే భాగం పాడై, వయసు రాకుండానే ముసలివై, కదలడం మానేశాయన్నాను. ఆరాధన అయ్యాక నువ్వొచ్చి ఆ మందు పేరు అడిగావు. గొప్పగా చెప్పేశాను.

నిన్న అమ్మ ఫోన్లో, "మీ బాబాయి పోయిన కాణ్ణించి పిన్ని మింగతన్న మాత్ర అదేనే. నీ సాక్ష్యం ఇన్నాక మానీసినాది" అంది. అప్పటిదాకా నాకు తెలియదు.

నీ అరికాళ్ల మంటలు, చెంపలు లోపలికి పోవడం ఆ మందు వల్లే కావచ్చు. దానికి బదులు వేరేది ఉంది, అడిగితే డాక్టరుగారు మారుస్తారు. శుక్రవారం పాసింజరుకు వస్తున్నాను, విజయనగరం ఆసుపత్రికి ఇద్దరం వెళ్దాం. మందు మార్చుకోవచ్చు గానీ మానకూడదు, మానితే బాబాయి నుంచి నీకు అంటి, ఆయన్ను తీసుకుపోయిన ఆ జబ్బు నీలోనూ పెరుగుతుంది.

సంఘం ముందు నేను చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. ఆ పురుగుల్లో మందు చేసే చెడు ఒక్కటే కనబడుతుంది. అది ఆపే జబ్బు వాటికి లేదు పిన్నీ.

నీ అక్క కూతురు