మేకులు పీకిన గడప

సూర్యాపేట,
శుక్రవారం

చిరంజీవి సౌభాగ్యవతి కల్పనను దీవించి రాయునది. ఇక్కడ మీ అన్న వెంకన్న, వదిన నాగమణి, నేను బాగానే ఉన్నాం. నాగపూర్‌లో నువ్వు, అల్లుడు, నీ కడుపులో ఉన్న ప్రాణం చల్లగా ఉండాలని పూటపూటా మొక్కుకుంటున్నాను. ఎవరు రాస్తున్నారో పైన పెట్టలేదని కంగారు పడకు. చేతిరాత చూస్తే నీకే తెలుస్తుంది. సంతకం చివర్లో పెడతాను.

ఈ ఉత్తరం మన ఇంట్లో కూర్చుని రాయడం లేదు. వీధి చివర సులోచన టీచర్ వాళ్ల వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆమె పెన్నూ కాగితాలూ ఇచ్చి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమె రాసిపెడతానంది గానీ వద్దన్నాను. నా వంకర అక్షరాలతోనే రాయాలి.

నీ ఉత్తరం అందింది. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను, మిగతాదంతా బాగుంది. చెవి మిషన్ పెట్టుకుంటున్నావా అని అడిగావు. పెట్టుకుంటే అది ఈల వేస్తుంది బిడ్డా, అందుకని డబ్బాలోనే ఉంటోంది. ఫోన్లో నీ గొంతు నాకు గాలిలాగా వినిపిస్తుంది. అందుకే మనకు ఈ ఉత్తరాలు. నువ్వు రాత్రిపూట పెరుగు తినకు. బాత్‌రూములో సబ్బు నీళ్లు లేకుండా చూసుకో. అల్లుడి బండి మీద అస్సలు ఎక్కకు, ఇన్నేళ్లకు నిలిచిన కడుపు.

ఇక నువ్వు అడిగిన పెద్ద మాటలు. ఏడో నెల వస్తోంది, పురిటికి తీసుకుపోవడానికి ఎప్పుడు వస్తావని ఒకటి. గోడ మీద నుంచి నా పెళ్లి ఫోటో ఎందుకు తీసేశావు, నా మీద ఏం కోపం అని ఇంకొకటి. మీ వదినే నీకు చెప్పి ఉంటుంది, ఆమె తప్పు లేదు. కోపం కాదు తల్లీ. రెండింటికీ జవాబు ఒక్కటే. కడుపుతో ఉన్న మనిషికి ఇలాంటివి రాయకూడదని తెలుసు. రాయకపోతే నువ్వు రైలెక్కి వచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. అల్లుడిని పక్కన కూర్చోబెట్టుకుని, పగటిపూట చదువు.

ఇల్లు కట్టడం సగమయ్యాక మీ వదినకు అలంకరణ పిచ్చి పట్టింది. ఆమె, సులోచన టీచర్, దవాఖానలో నర్సు జమున జట్టుకట్టి ఎక్కడ దుకాణముంటే అక్కడికి బయలుదేరేవారు. జమున భర్త బాల్యా కారు నడిపేవాడు. నన్ను కూడా ఎక్కించుకునేవారు. ఒంటరిగా వదిలేస్తే గ్యాసు కట్టేశానా లేదా అని భయపడి వీధంతా లేపుతానట. కారులో కూర్చున్నంతసేపూ నాకు లారీల భయం. బాల్యా నన్ను అద్దంలో చూసి, "అవ్వా, కండ్లు మూసుకో, నేను తెరుసుకునే ఉంట" అనేవాడు.

ముందు కోదాడ పోయాం. గాజు తలుపుల దుకాణం, లోపలంతా చలి. ప్లాస్టిక్ తీగలు, నీళ్లు కారే బొమ్మలు, గోడకు తగిలించే తలకాయ బొమ్మలు. అన్నీ కళ్లు మూసుకుని ఉన్నాయి.

"ఒట్టి తలకాయలు ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?" అన్నాను.

"ప్రశాంతంగా ఉంటుందని పెడతారండీ" అంది సులోచన టీచర్. ఆమెది కోదాడే, మాట ఆంధ్ర వైపు పోతుంది.

"మెడ కింద ఏం లేనంక ప్రశాంతం గాక ఇంకేముంటది టీచరమ్మా?" అంది జమున. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తర్వాత వెనక్కి తిరిగి చూశాను.

ఇంకోరోజు మన సూర్యాపేటలోనే పాత ఇత్తడి దుకాణానికి పోయాం. బిందెలు, గంగాళాలు, చెంబులు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఒక్కోదాని అంచు మీద ఒక్కో పేరు కొట్టించి ఉంది. పెళ్లిళ్లకు పెట్టినవి, బిడ్డ పుడితే పెట్టినవి. "వీల్లందరు ఏమైండ్రు?" అని అడిగాను దుకాణమాయనను. ఆయన చెంబు తుడుస్తూ, "బిందెలున్నయ్ గద అవ్వా" అన్నాడు. 

ఆ తర్వాత మిర్యాలగూడ. అక్కడ ముత్తయ్య అనే ఆయనకు పాత కలప దుకాణముంది. కూలగొట్టిన ఇళ్ల తలుపులు, దర్వాజాలు, స్తంభాలు కొని, పాలిష్ పట్టించి అమ్ముతాడు. పెద్ద రేకుల షెడ్డులో తలుపులన్నీ వరుసగా గోడకు ఆనించి ఉన్నాయి. ఒక్కదాని వెనక కూడా ఇల్లు లేదు. అయినా అన్నీ మూసే ఉన్నాయి. వాటి మధ్య నడుస్తుంటే పరాయి వీధిలో, అందరూ లోపలుండి పలకని వీధిలో నడుస్తున్నట్టు అనిపించింది.

మీ వదిన ఒక దర్వాజా ముందు ఆగిపోయింది. నల్లటి టేకు, పైన చిలకలు చెక్కి ఉన్నాయి. నేను చిలకలను చూడలేదు. గడపను చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మేకులు కొట్టి ఉన్నాయి బిడ్డా. కమ్మరి చేత్తో చేసిన పాతకాలపు మేకులు, వేలు పెట్టడానికి సందు లేకుండా.

మా తల్లిగారి ఊళ్లో నా చిన్నప్పుడు చూశాను. కాన్పులో ఆడది చనిపోతే, శవం వాకిలి దాటగానే గడపకు మేకులు కొట్టేవారు. బిడ్డను వెతుక్కుంటూ తిరిగొస్తుందని, వస్తే గడప దాటకూడదని.

"గీ మేకులు తియ్యకున్రి. ఎవరో కావాలెనని కొట్టిండ్రు" అన్నాను. సంగతి కూడా చెప్పాను.

"అత్తమ్మా, నీకు పెరుగు పులిసినా దయ్యమే కనపడ్తది" అంది మీ వదిన.

"గా కాలంల దవాఖానలు లేకుండె, మేకులుండె" అంది జమున.

ముత్తయ్య మాత్రం నవ్వలేదు. "పెద్దవూర దిక్కు ఒక ఇల్లు కూలగొట్టిండ్రమ్మా. ఇంటోల్లు ఒక్కలు రాలే, మేస్త్రీయే అమ్మిపోయిండు. మేకులుంటె పాలిష్ పట్టదు, పీకిస్త" అన్నాడు.

పనివాడు మొదటి మేకు పీకినప్పుడు అది కీచుమని అరిచింది. నేను చెవులు మూసుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఈల వేస్తోందని మిషన్ అంతకు ముందే తీసి సంచిలో వేసుకున్నాను, నా చెవిలో లేదు. సుత్తి చప్పుడు వినపడలేదు, ముత్తయ్య పెదవులు కదిలినా మాట వినపడలేదు. మేకు అరుపు మాత్రం వినపడింది. అన్నీ పీకేదాకా ఒక్కొక్కటీ వినపడింది. నేను కిందపడిన మేకులన్నీ ఏరి కొంగులో మూట కట్టుకున్నాను. తుప్పు చీరకంటుతుందని మీ వదిన కోప్పడింది.

గృహప్రవేశం నాడు అందరూ ఆ దర్వాజా దగ్గరే ఫోటోలు దిగారు. మేకుల తొర్రల్లో లప్పం నింపి పాలిష్ కొట్టారు కాబట్టి ఫోటోలో ఏమీ కనపడదు. నీకు పంపిన ఫోటోలో నేను ఒక పక్కకు నిలబడ్డాను చూడు, గడప మీద కాలు పెట్టొద్దని.

వెంకన్న మార్కెట్ యార్డుకు, నాగమణి మహిళా సంఘం పనికి పోయాక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉంటాను. అలా ఒకనాడు మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నా చెవులు తిరిగొచ్చాయని సంతోషపడ్డాను బిడ్డా, నిజం చెప్తున్నాను. గోడ పట్టుకుని గబగబా పోయి తలుపు తీశాను. ఎండలో ఒక పిల్ల నిలబడి ఉంది. పచ్చి బాలింత. తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని ఉంది. వాము వాసన, సాంబ్రాణి పొగ వాసన. అప్పుడే నీళ్లు పోసుకుని వచ్చినట్టు జుట్టు కొసలు తడిగా ఉన్నాయి.

బాలింతను గుమ్మంలో నిలబెడితే పాపమని నీకు చెప్తుంటాను కదా. ఎవరింటి పిల్లో, ఎండ దెబ్బ తగులుతుందేమో అని ప్రాణం కొట్టుకుంది. మేకులు గుర్తే రాలేదు. "అయ్యో, ఎండల నిలవడకు, లోపలికి రా బిడ్డా" అన్నాను.

నేనే పిలిచాను.

ఆమె వంగి గడపను చూసింది. తొర్రలు పూడ్చిన చోటల్లా వేలితో తడిమింది. తర్వాత మెల్లగా దాటి వచ్చి గోడ పక్కన కూర్చుంది. బాలింతకు చల్లనీళ్లు ఇవ్వకూడదని నీళ్లు వేడిచేసి తెచ్చాను. "నీ బిడ్డ ఏడున్నడమ్మా?" అని అడిగాను. "గదే సూస్తున్న" అంది. పక్కన కూర్చుని చెప్పినట్టు స్పష్టంగా వినపడింది. గ్లాసు కింద పెట్టి తల ఎత్తేసరికి ఎవరూ లేరు. తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టే ఉంది.

జమునకు చెప్తే బీపీ చూసింది, నిద్ర మాత్ర ఇచ్చింది. సులోచన టీచర్ కల అంది. వెంకన్న, "ఇగ టీవీ బందు పెట్టు అమ్మా" అన్నాడు. నేను కూడా కలే అనుకోవాలని చూశాను. కానీ మీ వదిన పొద్దున ఊడుస్తూ, "ఏ దిండు సిరిగిందో ఏమో, రోజూ గడపకాడ దూదే" అని నాకు వినపడేట్టు కేకలేస్తుంది. మన ఇంట్లో దూది దిండ్లు లేవు కల్పనా. అన్నీ స్పాంజివే.

ఆ తర్వాత ఆమె తలుపు కొట్టడం మానేసింది. కొట్టే పని లేదు, లోపలే ఉంటోంది. అన్నం తింటుంటే వాము వాసన వస్తుంది, తలెత్తితే గోడ పక్కన ఉంటుంది. నాకేం చేయదు. ఇల్లంతా వెతుకుతుంది. చాటల కింద, బియ్యం డ్రమ్ము వెనక, మడత మంచం సందులో. వెతికి వెతికి వచ్చి కూర్చుంటుంది. భయం వేస్తుంది. జాలి కూడా వేస్తుంది. నీకు కడుపు నిలవనప్పుడల్లా నువ్వూ అలాగే గోడకు ఆనుకుని కూర్చునేదానివి.

ఇక చెప్పకుండా దాచిన మాట చెప్తున్నాను. కోప్పడకు.

నీ కిందటి ఉత్తరం వచ్చిన నాడే, ఆమె నీ పెళ్లి ఫోటో ముందు నిలబడి ఉంది. తలకు కట్టిన గుడ్డ విప్పింది. ఒక చెవిలో దూది తీసి, ఫోటోకు చెవి ఆనించింది. లోపల ఏదో వింటున్నట్టు చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"ఈమెకు ఎన్నో నెల?"

పెళ్లి ఫోటో బిడ్డా అది. పట్టుచీర, బాసికం. ఆమెకు నీ సంగతి నేను ఒక్కనాడూ చెప్పలేదు.

 నోట్లో నుంచి మాట అదే వచ్చింది. "ఆమె ఎవరో నాకు తెల్వదు. నాకు ఆడపిల్ల లేదు" అన్నాను. "నేను ఎవలకూ అమ్మను కాను" అన్నాను.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఫోటో వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రమే ఫోటో తీసి, గుడ్డలో చుట్టి, ఇదిగో ఈ సులోచన టీచర్ బీరువాలో పెట్టించాను. నీ ఉత్తరాలు కూడా ఇక్కడే ఉన్నాయి. ఆ ఇంట్లో నీ పేరు పలకడం మానేశాను. మీ వదిన ఆడబిడ్డ మాటెత్తితే లేచి పోతున్నాను. అందుకే ఆమెకు కోపమని తోచింది.

దర్వాజా పీకేయమని వెంకన్న కాళ్లు పట్టుకోలేను, పీకినా లాభం లేదు, ఆమె లోపలికి వచ్చేసింది. అలాంటివాళ్లు వచ్చిన దారినే పోతారని మా అమ్మ చెప్పేది. ఆ దారిన బయటపడితే ఎక్కడికి వస్తుందో నాకు తెలుసు. రాత్రంతా ఆలోచించి, నిన్న మధ్యాహ్నం, ఆనాడు కొంగులో తెచ్చి దాచుకున్న మూట విప్పాను. సుత్తి తీసుకుని ఆ మేకులన్నీ మళ్లీ గడపకు కొట్టాను. మోకాళ్లు ఎలా వంగాయో దేవుడికి తెలుసు. ఈసారి అవి లోపలికి రాకుండా కొట్టిన మేకులు కావు.

ఆమె నా వెనకే కూర్చుని చూసింది. ఆపలేదు. చివరి మేకు కొట్టాక దగ్గరికి జరిగి, "అయితె ఇగ మనిద్దరమే" అంది.

అవును అన్నాను.

సాయంత్రం మీ వదిన గడప చూసి నెత్తి కొట్టుకుంది. పాలిష్ ఖరాబు చేశానని నాతో మాట్లాడడం లేదు. అయినా పురిటికి ఆమెనే నీ దగ్గరికి పంపమని వెంకన్నను ఒప్పించాను. బాలింతకు పెట్టే కాయం ముద్ద, మెత్తటి పాతచీరల పొత్తిగుడ్డలు ఆమెతో పంపుతాను. అవి సులోచన టీచర్ ఇంట్లోనే ఉతికి మడిచాం, మన ఇంటి గడప దాటించలేదు. నేను ఎందుకు రానని అడగకు. పెరటి తలుపు నాకుంది, వచ్చే దారి ఉంది. కానీ మధ్యాహ్నం నేను ఇంట్లో కనపడకపోతే ఆమె మళ్లీ వెతకడం మొదలుపెడుతుంది. నీ కాన్పు నా చేతులారా చేయాలని ఇన్నేళ్లు కాచుకున్నాను. ఇంతే రాసి ఉంది.

నువ్వు మాత్రం సూర్యాపేట రాకు. బిడ్డ పుట్టాక ఫోన్ చేయకు, ఇక్కడికే టీచర్ పేరు మీద ఉత్తరం రాయి. ముక్కు ఎవరిదో రాయి. ఇంట్లోకి పాత సామాను ఎంత అందంగా ఉన్నా కొనకు. మధ్యాహ్నం ఎవరైనా తలుపు కొడితే, ఎంత జాలేసినా, ఎవరో తెలియకుండా లోపలికి రమ్మనకు.

టీ చల్లారిపోయింది. ఎండ నడినెత్తికి వస్తోంది, నేను ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో అనకూడని మాట ఒకటి ఉంది. అది రాసుకోవడానికే ఇంతదూరం నడిచి వచ్చాను.

ఇట్లు,
నీ అమ్మ.