ఐదు సెకన్ల అదును

బావా,

‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. ఈ వారం నువ్వు ప్రియమైనవాడివి కాదు.

మెషిన్ ఆన్ చేయగానే, అసలు సిస్టమ్ లేవకముందు ఒక నల్ల తెర వస్తుంది. అందులో కమాండ్లు తీసుకునే షెల్‌ని మూడేళ్లుగా సాకుతున్నది నేను. స్టార్టప్ స్క్రిప్టు నడిపే ముందు అది ఐదు సెకన్లు ఆగుతుంది. ఆలోగా కీ నొక్కితే స్క్రిప్టు ఆగిపోతుంది. ఆ ఐదును ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకునేలా, కరెంటు పోయినా చిప్‌లో నిలిచేలా ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే షెల్ గుర్తుంచుకునే ఒక అంకె, కావాలని ఫ్యాక్టరీ నుంచి ప్రతిపాదన పంపావు. నాకు మాట మాత్రం చెప్పకుండా!

ఉన్నది పన్నెండు లైన్ల కోడ్. “ఆలోచనంటే ఇదీ” అని మా టీమ్ లీడ్ మీటింగులో మూడుసార్లు అన్నాడు. మూడేళ్లలో ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు. పాసైతే షెల్ బాధ్యత నీకే ఇస్తాడట. అక్క ఫోన్ చేసి “మీ బావ బుర్రే బుర్ర” అంది. నా బుర్రను మెచ్చుకున్న మనిషి ఇంట్లో తనొక్కతే ఉండేది.

నువ్వు కాలేజీలో కూర్చుని నేర్చుకున్నావు. నేను పాడైన బోర్డులు విప్పి, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. అవును, కుళ్లి చస్తున్నాను. నీ కోడ్‌లో తప్పులు పట్టే రివ్యూ నాకే వచ్చింది. పదకొండు అభ్యంతరాలు పెట్టాను, చూసుకో.

మండిపోతున్న
నీ బామ్మర్ది


ఒరేయ్ ప్రియమైన బామ్మర్దీ,

నువ్వు కొట్టేసిన మాట వృథా పోకుండా నేను వాడుకున్నాను.

పేరు పొడుగన్నావు, తగ్గించాను. కామా లేదన్నావు, పెట్టాను. ఖాళీ లైను ఎక్కువన్నావు, తీసేశాను. కొత్త కోడలికి అత్త వంకలు పెట్టినట్టుందిగానీ ఒక్కటీ లోపలికి దిగలేదురా. ఆ షెల్ నరనరం నీకు తెలుసు, నాకు తెలియదు. అందుకే రివ్యూ నీకే ఇవ్వమని లీడ్‌ని అడిగాను. సోమవారం ఇక్కడ నలభై బోర్డుల మీద పరీక్ష. ఇంకేదైనా ఉంటే తిట్టి మరీ చెప్పు.

మీ అక్క నిన్ను అడిగానని చెప్పమంది.

నీ బావ


ప్రియమైన బావకు,

ఇంకేం లేదు. ఒప్పుకున్నానని రివ్యూలో రాసేశాను. ఇక షెల్ నీదే, ఏలుకో.

బామ్మర్ది


ప్రియమైన బామ్మర్దీ,

సోమవారం మా ఆపరేటర్ నలభై బోర్డులకూ ఆ ఐదు బదులు సున్నా పెట్టాడు. పరీక్ష స్క్రిప్టు చివరి లైను రీస్టార్ట్. ఇదివరకు ఆ ఐదు సెకన్లలో ఎవరో ఒకరు కీ నొక్కి ఆపేవారు. ఇప్పుడు ఆ సందే లేదు. బోర్డు లేస్తుంది, స్క్రిప్టు నడుపుతుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. స్విచ్ తీసినా అంతే. సున్నా చిప్‌లోనే నిలిచింది కదా, నేను కోరిందే అది.

తప్పు నాదేనని లీడ్‌కి చెప్పాను. “మరి రివ్యూ చేసినవాడో?” అన్నాడు. “వాడు పదకొండు చెప్పాడు, పన్నెండోది నాకు తట్టాల్సింది” అన్నాను. షెల్ నీ దగ్గరే ఉంటుందిలే.

ఒక్కో చిప్‌కీ బయటి నుంచి వైరున్న క్లిప్పు పట్టించి, లోపలున్నది చెరిపి మళ్లీ రాస్తున్నాను. నిన్నంతా కూర్చుంటే రెండు లేచాయి.

నీ బావ


బావా,

సున్నా నాకు మొదటి రోజే కనిపించింది. రిపేరు షాపులో ఉన్నప్పుడు ఒక కస్టమర్ బోర్డును ఇలాగే చంపాను, తెలియకపోవడమేంటి? పన్నెండో అభ్యంతరంగా టైపు చేసి, తుడిచేశాను. అందరి ముందూ నువ్వు బోల్తా పడితే చూడాలనిపించింది. నలభై బోర్డులు పోతాయనుకోలేదని రాయబోయాను. అది అబద్ధం. ఎన్ని పోతాయని ఆలోచించనే లేదు.

నువ్వు నన్ను వెనకేసుకొచ్చావని చదివాక ముందు నీ మీదే కోపమొచ్చింది. మంచితనంలో కూడా నువ్వే ముందుండాలా?

ఈ ఉదయం ఇదంతా అందరికీ కనబడేలా రాసి లీడ్‌కి పంపాను. సున్నాను ఒప్పుకోకూడదు, కనీసం ఒక సెకను ఆగాలని సవరణా పెట్టాను. సవరణ తీసుకున్నాడు, షెల్ లాక్కున్నాడు. సెలవు అడిగితే “పో” అన్నాడు, ఎన్నాళ్లో చెప్పలేదు. అక్కకు నేనే ఫోన్ చేసి చెప్పాను. అంతా విని ఫోన్ పెట్టేసింది.

ఈ ఉత్తరం ఆఫీసు టపా సంచీలో రేపటికి నీకందుతుంది. నేను ఎల్లుండి పొద్దున అక్కడ దిగుతాను. ఈలోగా ఒకటి విను. క్లిప్పు నిటారుగా దించితే చిప్ కాళ్లు అందవు. ముందు ఒక పక్క ఆనించి, ఏటవాలుగా నొక్కు. రాయడం అయ్యేదాకా చెయ్యి కదపకు. అప్పుడు రోజుకు పదైనా లేస్తాయి.

మిగిలినవి నాకుంచు.

నీ బామ్మర్ది