ఆ కారు స్వభావమే అంత

చిరంజీవి మెకానిక్ గారి పెద్దమ్మాయికి,

సర్వేయరు పెదనాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. మా ఇంట్లో ఫోను వంటగది గుమ్మం పక్కన ఉంది. వంటగదిలో మీ పెద్దమ్మ ఉంటుంది. అందుకని ఉత్తరం.

నా కారు లారీ మీద ఎక్కించి మీ షాపుకు పంపాను. చదువు ముగించుకొచ్చాక నువ్వు సొంతంగా బాగుచేసే మొదటి పాతకారు ఇదేనని మీ నాన్న చెప్పాడు. దాని చరిత్ర కొంచెం తెలుసుకో. ముప్పై నాలుగేళ్ళ కిందట నేనూ, మా తోడల్లుడూ ఒకే రోజున, ఒకే షోరూములో, ఒకే రంగు బుల్లికార్లు రెండు కొన్నాం. నంబర్లు కూడా పక్కపక్కవే. కవలపిల్లలనుకో. అయినా ఆయనది లేడిపిల్ల, నాది నిండు చూలాలు.

పాతకార్ల క్లబ్బువాళ్ళు ఏటా పెట్టే కొండ పోటీలో పదకొండేళ్ళుగా ఆయన వెనకే పైకి చేరుతున్నాను. నేను వెళ్ళేసరికి ఆయన టీ తాగేసి, నా కోసం ఇంకో గ్లాసు చెప్పించి పట్టుకుని నిలబడతాడు. "చల్లారిపోయిందన్నయ్యా, ఏమనుకోకు" అంటాడు. ఆ 'ఏమనుకోకు'తోనే నాకు కడుపు మంట.

కంటి డాక్టరు వచ్చే ఏడాది నుంచి స్టీరింగు ముట్టొద్దన్నాడు. ఇదే నా ఆఖరి పోటీ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను ముందు చేరి ఆయనకు చల్లారిన టీ ఇవ్వాలి.

క్లబ్బు నియమం ఏమిటంటే, కంపెనీ పుస్తకంలో లేని భాగం ఏది కనిపించినా ఒక్కోదానికి అయిదు నిమిషాల కోత. కాబట్టి పైకి ఒక్క మేకు కూడా మారినట్టు ఉండకూడదు. లోపల మాత్రం రాకెట్టు ఉండాలి. నా కోరికలు వెనక పేజీలో రాశాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: మీ పెద్దమ్మ ఎప్పుడైనా అడిగితే సీటు గుడ్డలు మార్పిస్తున్నానని చెప్పు.

*

పూజ్యులైన సర్వేయరు పెదనాన్నగారికి,

మెకానిక్ గారి పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. కారు క్షేమంగా చేరింది. లారీ మీద వచ్చింది కాబట్టి తొందరగానే చేరింది.

వెనక పేజీలోని కోరికలకు నా జవాబులు ఇవి. పెద్ద ఇంజను తెచ్చివేసి దానిమీద పాత నంబరు చెక్కడం కుదరదు. అది అబద్ధం. మా ఇంటికి వచ్చిన మొట్టమొదటి సర్టిఫికెట్టు నాది. నాన్న దాన్ని ఫ్రేము కట్టించి స్పానర్ల బోర్డుకు పైన తగిలించారు. రోజూ దాని కింద నిలబడి పని చెయ్యాలి నేను. ఇంకో కార్బురేటరు వేసి దాన్ని టిఫిను డబ్బాలో దాచడం కూడా కుదరదు. డబ్బా కంపెనీ పుస్తకంలో లేదు.

చేయగలిగింది చెబుతాను. పిస్టను రింగులు మారుస్తాను, వాల్వులు అరగదీసి కూర్చోబెడతాను, పొగగొట్టంలో మసి గీకుతాను. కొత్తలో ఈ ఇంజనుది నలభై గుర్రాల బలమని కంపెనీ రాసింది. ఆ నలభై గుర్రాలనూ వెతికి పట్టుకొస్తాను. నలభై ఒకటోదాన్ని మాత్రం అడగకండి.

నా వైపు నుంచి ఒకే ఒక మార్పు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వెయ్యనివ్వండి. ఇదే కంపెనీ తర్వాతి కాలంలో చేసినవి, ఒక్క కన్నం కొత్తగా వెయ్యక్కర్లేకుండా సరిపోతాయి. పాతవి శుభ్రం చేసి పెట్టెలో పెట్టి ఇస్తాను. ఎప్పుడు కావాలన్నా అరపూటలో తిరిగి బిగించవచ్చు. అయిదు నిమిషాలు పోతాయి, నిజమే. మీరు ఉంటారు.

ఇట్లు,
మెకానిక్ గారి పెద్దమ్మాయి

తా.క.: డిక్కీలో ఎలుక గూడు ఉంది. పాతది, గట్టిగా కట్టింది. మీరు ఏదీ మార్చొద్దన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఉంచమంటారా?

*

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

నేను కొండ ఎక్కుతానంటుంటే నువ్వు ఆగడం గురించి రాస్తావేమిటమ్మా? ఈ కారు ఆగాలంటే బ్రేకు ఎందుకు, పెడలు మీంచి కాలు తీస్తే చాలు. ఒక్కోసారి తియ్యకపోయినా ఆగుతుంది. ఆ కారు స్వభావమే అంత. అయిదు నిమిషాలంటే ఎంతో తెలుసా? మా తోడల్లుడు అయిదు నిమిషాల్లో టీ తాగి, దాని గురించి కూడా మాట్లాడగలడు. బ్రేకుల సంగతి ఇక ఎత్తకు.

ఇంకొకటి. ఆయన మీ షాపు బల్ల మీద కూర్చుని మీ నాన్నతో కబుర్లాడుతూ కనిపించాడని వినికిడి. గూఢచారి పని! ఏం అడిగాడో, ఏం చూశాడో పూసగుచ్చినట్టు రాయి. నా కారు మీద ముందు ఒక గుడ్డ కప్పు.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: ఎలుక గూడు తీసెయ్. బరువు.

*

పూజ్యులైన పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ తోడల్లుడుగారు ఆయన కారుకు ఆయిలు మార్పించుకోవడానికి వచ్చారు. మీరు చెప్పినట్టే మన కారు మీద గుడ్డ కప్పాను. కప్పాక "ఆ గుడ్డ కింద ఏముందమ్మా?" అని మూడుసార్లు అడిగారు. గుడ్డ లేనప్పుడు ఒక్కసారీ అడగలేదు.

ఇక అసలు సంగతి. ఇంజను బల్ల మీద పెట్టి నడిపితే నలభై గుర్రాలూ హాజరు పలికాయి. కారులో బిగించి రోడ్డెక్కిస్తే మళ్ళీ పాత కథే. సగం గుర్రాలు ఎక్కడ దిగిపోయాయో అర్థంకాక మూడు రోజులు కారు చుట్టూ తిరిగాను. పెట్రోలు గొట్టం చూశాను, గేరుబాక్సు చూశాను, నా చదువునే అనుమానించాను. నాలుగో రోజు తుడుద్దామని డ్రైవరు కాళ్ళ దగ్గరి చాప ఎత్తితే, యాక్సిలరేటరు పెడలు కింద ఒక చెక్కముక్క ఉంది.

నాలుగు వేళ్ళ పొడవు, రెండు వేళ్ళ మందం. మంచి టేకు. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టి, వార్నీషు వేసి, రెండు ఇత్తడి స్క్రూలతో నేలకు బిగించారు. మీరు ఎంత తొక్కినా పెడలు దాని మీద కూర్చుంటుంది, సగానికి మించి దిగదు. అంటే ఈ కారును ఇన్నేళ్ళుగా ఎవరూ పూర్తిగా తొక్కలేదు.

నాన్నను పిలిచి చూపించాను.

"నాన్నా, ఇదేంటి?"

"చెక్క."

"చెక్కని తెలుస్తూనే ఉంది. ఇక్కడెందుకుంది?"

"ఎక్కడో ఓ చోట ఉండాలి కదమ్మా" అని టీకి వెళ్ళిపోయారు. ఆయన రోజుకు రెండే టీలు తాగుతారు. అది అయిదోది.

కంపెనీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. అందులో లేదు. కానీ చాలా పాతది, కారుతో పాటు పుట్టినట్టే ఉంది. తీసెయ్యమంటారా, ఉంచమంటారా?

ఇట్లు,
మెకానిక్ గారి పెద్దమ్మాయి

తా.క.: పనితనం ముచ్చటేసి దానికి ఇంకో చెయ్యి వార్నీషు వేశాను.

*

అమ్మాయికి,

దీవెనలు తర్వాత. ముందు విషయం.

ఆయనే! మా తోడల్లుడే! ముప్పై నాలుగేళ్ళు నేను తొక్కింది కారును కాదు, ఆయన చెక్కను! నేరుగా వాళ్ళింటికి వెళ్ళి వరండాలోనే నిలదీశాను.

"చెక్క పెట్టింది నువ్వే కదూ?"

"ఏ చెక్కన్నయ్యా?"

చూశావా నటన! తప్పు చెయ్యనివాడైతే 'ఏం చెక్క' అనాలి. 'ఏ చెక్క' అన్నాడంటే చాలా చెక్కలు తెలుసన్నమాట. "ముందు కూర్చో, టీ తాగు" అన్నాడు. వేడిగా ఉన్న టీ! మొదటిసారి వేడిది ఇస్తున్నాడంటే దాని అర్థమేమిటి? తాగకుండా వచ్చేశాను.

క్లబ్బుకు నాలుగు పేజీల ఫిర్యాదు పెట్టాను. పోటీ రోజున రెండు కార్లనూ చాప ఎత్తి మరీ తనిఖీ చెయ్యాలని కోరాను. ఆ చెక్క వయసెంతో, ఎంత నేరపూరితమైనదో నీ సంతకంతో రాసి పంపు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాటకు విలువుంటుంది.

పెదనాన్న

తా.క.: మీ పెద్దమ్మ పాపం రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నాకు జరిగిన అన్యాయం తట్టుకోలేకపోతోంది.

*

పూజ్యులైన పెదనాన్నగారికి నమస్కారాలు.

చెక్క వయసు రాయగలను: ముప్పై ఏళ్ళ పైమాటే. నేరం సంగతి రాయలేను. చెక్కను చూస్తే బిగించిన చేతికి పని వచ్చని తెలుస్తుంది కానీ, మనసులో ఏముందో తెలియదు. నాన్నను మళ్ళీ అడిగాను. దగ్గు వచ్చింది ఆయనకు.

నాకు కావాల్సింది మీ నిర్ణయం. చెక్క తీసి నిన్న బజారు చివరిదాకా నడిపి చూశాను. పెదనాన్నగారూ, ఇది వేరే కారు. వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకింది. నాకు సంతోషం వేసింది. ఆ తర్వాత పాత బ్రేకు తొక్కాను. కూరగాయల కొట్టు ముందు ఆగాలనుకుంటే, దాని తర్వాత మూడో కొట్టు ముందు ఆగింది. అది చెప్పుల కొట్టు. ఏం కావాలని అడిగారు, ఊరికే వచ్చానంటే బాగోదని ఒక జత కొన్నాను.

చెక్క ఉంచితే పాత బ్రేకులు చాలు, కానీ చెక్క పుస్తకంలో లేదు కాబట్టి అయిదు నిమిషాల కోత. చెక్క తీస్తే డిస్కు బ్రేకులు వేసి తీరాలి, దానికీ అయిదు నిమిషాల కోత. చెక్క తీసి, బ్రేకులు మార్చకుండా ఇమ్మంటే మాత్రం ఇవ్వను. తాళంచెవి నా దగ్గరే ఉంది. కోపం వస్తే తిట్టండి, తాళం అడగకండి.

ఇట్లు,
మెకానిక్ గారి పెద్దమ్మాయి

తా.క.: చెప్పులు బిగుతుగా ఉన్నాయి.

*

చిరంజీవి అమ్మాయికి,

తిట్టాను. ఇప్పుడు తగ్గింది.

బ్రేకులు వెయ్యి. రెండు రోజులు ఆలోచించాను. కాగితం మీద ఎవరు గెలిచారో క్లబ్బువాళ్ళు రాసుకుంటారు. కొండ మీద ఎవరు ముందున్నారో మా తోడల్లుడు కళ్ళారా చూస్తాడు. నాకు ఆయన కళ్ళు చాలు. ఆదివారం పొద్దునకల్లా కారు కొండ కిందికి పంపించు.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: పక్క సీట్లో ఒకరు ఉండి తీరాలని ఈ ఏడు కొత్త నియమం. మీ పెద్దమ్మ తానే వస్తానంది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. నా మీద ఎంత నమ్మకమో చూడు.

*

చిరంజీవి మెకానిక్ గారి పెద్దమ్మాయికి,

పెద్దమ్మ ముద్దులు. మీ పెదనాన్నగారి కళ్ళు బాగోలేవని ఈసారి నేను రాస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ ముందు నేనే చదివి, మళ్ళీ అంటించి ఆయనకు ఇచ్చేదాన్ని. నీ దస్తూరి ముద్దుగా ఉంటుంది.

ఆదివారం జరిగింది విను. ఫిర్యాదు ప్రకారం క్లబ్బువాళ్ళు మా మరిది కారులో చాప ఎత్తారు. అక్కడా ఒక చెక్క! మీ పెదనాన్న తెరిచిన నోరు మూయలేదు. తోడల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ మా అక్కాచెల్లెళ్ళ వైపు తిరిగారు. మా చెల్లెలు వెంటనే ఆకాశం కేసి చూసి "మబ్బు పట్టేలా ఉందక్కా" అంది. ఎండ మండిపోతోంది.

ఆ చెక్కా పీకేశారు. పోటీ మొదలైంది. నువ్వు పట్టుకొచ్చిన నలభై గుర్రాలూ నిజమేనమ్మా. మూడో మలుపు దగ్గరే మరిదిని దాటేశాం. పైన చదును నూరు గజాలే కదా, మీ పెదనాన్న బ్రేకు వేస్తే కారు గీత మీద ముగ్గు వేసినట్టు ఆగింది. పరుగున వెళ్ళి టీ చెప్పారు. ఆ టీ చల్లారకముందే మరిది వచ్చాడు, వచ్చి గీత దాటాడు, జెండా దాటాడు, టీ బల్ల దాటాడు, ముళ్ళకంపలో ఆగాడు. పాత బ్రేకులు మరి. దెబ్బలేమీ లేవు. మీ పెదనాన్న గ్లాసు పట్టుకుని కంపలోకే వెళ్ళి ఇచ్చారు. మరిది అద్దం దించి తాగి, "వేడిగా ఉందన్నయ్యా" అన్నాడు. మా బ్రేకులకు అయిదు నిమిషాలు కోసేసి, క్లబ్బువాళ్ళు పోటీ కప్పును కంపలో ఉన్నాయనకే ఇచ్చారు. ఇద్దరూ ఎందుకు నవ్వుతున్నారో క్లబ్బువాళ్ళకు అర్థంకాలేదు.

 తిరిగి వచ్చేటప్పుడు ఆయన నెమ్మదిగా, "ఆ చెక్క నీ పనేనా?" అన్నారు.

"అవును."

"ఎప్పుడు?"

చెప్పాను. కారు కొన్న నెలకే, పది రోజుల పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుంటే ఆ కొండ దిగుడు రోడ్డు మీదే ఎగరేసుకుపోయారు. ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో తలుపును పట్టుకుని మూడుసార్లు 'మెల్లగా' అన్నాను. 'కారు స్వభావమే అంత' అన్నారు. నాలుగోసారి అనలేదు. మర్నాడు కొత్తగా షాపు పెట్టిన మీ నాన్న దగ్గరికి వెళ్ళి, 'మనిషి స్వభావం మార్చలేం కానీ నాయనా, కారుది మార్చగలవా?' అని అడిగాను. 'ఎవరికీ చెప్పకు' అని ఒట్టు వేయించుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు మాట నిలబెట్టుకున్నాడు. ఆ దగ్గు మీద కోప్పడకు.

అంతా విని ఆయన కారు పక్కకు తీసి ఆపారు.

"ఇవాళ ఆ మూడో మలుపు దగ్గర భయం వేసిందా నీకు?"

"లేదు."

"నాకు వేసింది" అన్నారు.

వచ్చే ఏడాది ఎలాగూ స్టీరింగు ముట్టరు కానీ, ఈ మిగిలిన నెలలు నన్ను బజారుకు తిప్పుతారట. నీ బ్రేకులు ఉంచెయ్యమన్నారు. ఆ చెక్క మాత్రం మళ్ళీ బిగించాలట. మొత్తం కారులో అసలైన భాగం అదొక్కటేనట. తాను రాయడానికి మొహమాటపడుతున్నారు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: ఒకే వారంలో రెండు చెక్కలు చేయించాం. ఆయనకు నాసిరకం గిట్టదని మాది టేకుతో చేయించాను. మా చెల్లెలు ప్యాకింగు పెట్టె చెక్క చాలంది. అది ఏటా కొంత అరుగుతూ, పెడలును ఇంకాస్త కిందికి దిగనిస్తూ వచ్చింది. మా మరిది పదకొండేళ్ళు గెలిచింది అందుకే. ఈ ఒక్క ముక్క మాత్రం మీ పెదనాన్నకు చెప్పకు.