సంచి నిండుగా వచ్చింది

ఫిబ్రవరి 4, 2008, సోమవారం

కాలేజీలో సినిమా క్లాసు బోర్డు మీద నా పేరు. డైరెక్టర్: షబానా. కృష్ణవేణి మేడం సుద్దముక్కతో రాశారు, నేను రెండుసార్లు చదువుకున్నాను. థ్రిల్లర్ సినిమాకి మొదటి రెండు నిమిషాలు తీయాలి, అంతే. ఆరు గ్రూపులు. అందులో ఒక్కదాన్నే పూర్తి సినిమాగా తీయిస్తారట. అది నాది కావాలి. ఇంకెవరిదైనా అయితే ఊరుకోను... అంటే, ఏడుస్తాను.

ఫిబ్రవరి 5

మేడం చెప్పిన కన్వెన్షన్స్, అంటే థ్రిల్లర్ పద్ధతులు: ముఖం చూపించకూడదు. చప్పుడు ముందు, బొమ్మ తర్వాత. చూసేవాళ్ళకి ఒక ప్రశ్న మిగలాలి.

మిగతా ఐదు గ్రూపులూ చీకటి, కత్తి, నల్ల జాకెట్. క్లాసు మొత్తానికి జాకెట్ ఒక్కటే, వంతులు వేసుకుంటున్నారు! మేం పట్టపగలు తీస్తాం అన్నాను. నా గ్రూపులో ఉన్నది రామలక్ష్మి ఒక్కతే. తొడ గిల్లింది. "పగలు ఎవడు భయపడతాడే?"

ఫిబ్రవరి 6

నాన్న స్టూడియోలో ఉన్నది ఒక్క కెమెరా. పెళ్ళి వీడియోలన్నీ దానితోనే. కాలేజీ అయ్యాక ఏలూరు నుంచి ఇంటికి, గూడెం దాకా రైల్లో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. తీరా అడిగితే — "ఆదివారాలు పెళ్ళిళ్ళేం లేవు. తీసుకెళ్ళు. తడపకు." ఇంత సులువని తెలిస్తే పోయినేడే అడిగేదాన్ని.

ఫిబ్రవరి 10, ఆదివారం

కలిదిండి. రామలక్ష్మి వాళ్ళ బాబాయ్ గారి చేపల చెరువు. నీళ్ళలో వరసగా వెదురు కర్రలు, కర్రకో సంచి. సంచిలో మేత: తవుడు, నూనె తీసిన చెక్క. అడుగున చిల్లులు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. వాళ్ళకిది రోజూ చేసే పనే. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. సగం మునిగిన సంచి, చుట్టూ కదిలే నీళ్ళు, లోపల ఎవరో ఉన్నట్టు... జనం శవం అనుకుంటారు. దొరికింది! బాబాయ్ గారి చేతులు మాత్రమే తీశాను. "ఏం, నా మొహం బాగోదేంటమ్మా?"

మధ్యాహ్నం వాళ్ళ టీవీకి కెమెరా తగిలించి చూపించాం. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. "మేత సంచే కదమ్మా" అంటూ పిన్ని గారు పక్కింటివాళ్ళని కూడా పిలిచి నవ్వించారు. నేనూ నవ్వాను. అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 11

ఇంకా మంటగా ఉంది. మా క్లాసులో సగం మంది చెరువుల ఊళ్ళవాళ్ళే. వాళ్ళూ ఇలాగే నవ్వుతారు. జాకెట్‌కి మనమూ వంతు అడుగుదామంది రామలక్ష్మి. ఛీ.

ఫిబ్రవరి 13

బాబాయ్ గారికి ఫోన్ చేశాను. చెరువు దగ్గర మీకు దేనికి భయమండీ? పాములా? దొంగలా? రెండూ కాదన్నారు. తర్వాత మెల్లిగా — "సంచి నిండుగా పైకొస్తే, అమ్మా."

అదేంటండీ?

"పొద్దున్న కట్టిన మేత పదింటికల్లా ఖాళీ అయిపోవాలి. అవ్వలేదంటే చేప తినట్లేదనే కదా. తినట్లేదంటే అడుగున ఏం జరుగుతోందో... ఏడాది కష్టం అమ్మా అది."

ఫోన్ పెట్టేశాక కూడా చేతుల మీద రోమాలు లేచే ఉన్నాయి. ఇదీ థ్రిల్లరంటే!

ఫిబ్రవరి 17, ఆదివారం

మళ్ళీ కలిదిండి. మేత తినేశాక సంచులు తీసే వేళ. నిండు సంచి ఒకటి కావాలన్నాను. బాబాయ్ గారు ఒప్పుకోలేదు. "ఆటకైనా నా చెరువులో ఆ మాట వద్దమ్మా. కావాలంటే మట్టి నింపుకోండి. మేత మాత్రం వద్దు." మట్టే నింపాం.

ముందు నల్లటి తెర, గడకర్ర నీళ్ళలో దిగే చప్పుడు. తర్వాత చేతులు. మొదటి సంచి తేలిగ్గా వస్తుంది, ఖాళీ, పడవలో పడుతుంది. రెండోది ఖాళీ. మూడోదీ అంతే. నాలుగోది రాదు. చేతులు ఆగుతాయి. రెండు చేతులతో లాగితే — నిండుగా. మళ్ళీ నలుపు. చెరువు ముఖం చూడనివాళ్ళకి కూడా ఆ మూడు ఖాళీ సంచులే అంతా చెప్పేస్తాయి. ఈ ఆలోచన నాదే. ఎవరూ చెప్పలేదు.

అయ్యాక ఆయన ఆ సంచిలో చెయ్యి పెట్టి చూసుకున్నారు. "మట్టే అని తెలిసీ మనసు ఆగలేదమ్మా." టీవీలో చూసి ఈసారి ఎవరూ నవ్వలేదు. పిన్ని గారు కట్టెయ్యమన్నారు.

ఫిబ్రవరి 20

స్టూడియోలో ఎడిటింగ్. టీకి వెళ్ళి వచ్చేసరికి నాన్న కంప్యూటర్లో నా సంచి మీద పెళ్ళి వీడియోలోలా గులాబీ రేకులు రాలుస్తున్నారు! వెనక సన్నాయి! "బోసిగా ఉందమ్మా. సౌండ్ పోయిందనుకుంటారు జనం." అయ్యో నాన్నా, వాళ్ళు భయపడాలి! తీసేశారు. మనసొప్పకుండానే.

ఫిబ్రవరి 22, శుక్రవారం

నల్ల జాకెట్ ఐదుసార్లు వచ్చింది. ఐదోసారి క్లాసంతా చప్పట్లు కొట్టి స్వాగతం చెప్పింది. ఆఖర్న మాది. రెండో సంచి దాకా గుసగుసలు. మూడోదానికి ఆగిపోయాయి. నాలుగోదానికి వెనక బెంచీలోంచి ఆకివీడు శ్రీను — "అయ్యబాబోయ్!"

మేడం విశాఖపట్నంవారు, మేత సంచి ఎరగరు. ఆవిడ కూడా లైటు వెయ్యడం మర్చిపోయి అలాగే కూర్చున్నారు. "ఇదే తీద్దాం" అన్నారు తర్వాత.

గొప్పలు చెప్పుకోకూడదు గానీ... ఎందుకు చెప్పుకోకూడదు? నా డైరీ ఇది. బ్రహ్మాండంగా తీశాను.

ఫిబ్రవరి 23

పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన్ని కూర్చోబెట్టి మరీ చూపించారు నాన్న. "మా అమ్మాయి తీసిందండీ. ఒక్క పువ్వు కూడా వెయ్యలేదు, చూడండి." తెర వెనక నిలబడి అంతా విన్నాను. కళ్ళలో నీళ్ళు.

ఫిబ్రవరి 24, ఆదివారం

రామలక్ష్మి ఫోన్. వారం రోజులుగా బాబాయ్ గారు పనివాళ్ళని నమ్మకుండా ప్రతి సంచీ తనే లేపి చూసుకుంటున్నారట. అన్నీ ఖాళీయేనట, అల్లా దయ.

అన్నం తిని స్టూడియోకి బయల్దేరిన నాన్న గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి లోపలికొచ్చారు. "ఇంతకీ ఆ సంచి ఎందుకు నిండుగా ఉందమ్మా? చేపలేమయ్యాయి?"

"ఇప్పుడే చెప్పేస్తే ఎలా నాన్నా? సినిమా చూడండి" అన్నాను, దర్జాగా.

మిగతా కథ రేపు పదింటికి మేడం చేతిలో పెట్టాలి. పొద్దున్నుంచీ ఖాళీ పేజీ ముందే కూర్చున్నాను. చేపలేమయ్యాయో నాకూ తెలియదు.