నడుముకు బిగిసిన మోకు

కోరుట్ల, ఆదివారం రాత్రి

ఇంటి మీదికి ఒరిగిన వేపచెట్టు కొట్టడానికి కల్లు గీసే రాజయ్యను పిలిచాను. తాటిచెట్లు ఎక్కేవాడికి వేప ఒక లెక్కా అనుకున్నాను.

"కొట్టుడు నాకు రాదు సార్, ఎక్కుడే అస్తది" అన్నాడు.

"ఎక్కు. మిగతాది రంపం చూసుకుంటది" అన్నాను.

అలవాటు కొద్దీ మోకుతాడును నడుముకూ మానుకూ కలిపి బిగించుకున్నాడు. సగం కోయగానే మాను నిలువునా చీలింది. చీలిక విచ్చుకున్నకొద్దీ మోకు అతని నడుమును నొక్కేసింది. దించేసరికి కాళ్లలో కదలిక లేదు.

ఆస్పత్రిలో అతని భార్య, "తాటిచెట్టు మీదికెళ్లి ఒక్కనాడు పడలే సార్. గిప్పుడెట్ల గిట్లయింది?" అని అడిగింది.

"నీ మొగనికి పని రాదు" అన్నాను. ఆ ముక్క పొద్దున అతనే చెప్పాడని మాత్రం చెప్పలేదు.

చీలిన మాను ఇంకా ఇంటి మీదే వేలాడుతోంది. రాజయ్యకు తమ్ముడున్నాడు, అతనూ తాటిచెట్లు ఎక్కేవాడే. పొద్దున్నే కబురు పంపాలి.