ఇప్పుడే కాదన్న తల్లి

జేజు దీవి,
ఏప్రిల్ 9.

చిరంజీవి యున్‌సిల్‌కి,

సముద్రంలోంచి ఇప్పుడే పైకొచ్చి, జుట్టయినా ఆరకముందే నిన్ను దీవించి రాస్తున్నాను. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. సియోల్‌లో నువ్వూ, అల్లుడూ, నా మనవరాలు యేదమ్ క్షేమమని తలుస్తాను.

నిన్న నీ ఫోను పెట్టెయ్యగానే, గుల్లలేరడానికి మునిగే ఆడవాళ్లం చలి కాచుకునే రాళ్ల దడి దగ్గరికి పరుగెత్తాను. ఏడాది నిండిన పిల్లకు స్కాన్ తీశారట, ఊపిరితిత్తిలో ఆ నీటిబుడగ పెరగలేదట, ఇంకో ఏడాది చూద్దామన్నారట అని అరిచాను. మా అందరిలోకీ పెద్దది మల్‌సున్ అక్క. నిప్పు దగ్గర పొగ తగలని చోటు ఆవిడది, అందరిలో గట్టిగా మునిగేవాళ్లకు తప్ప దక్కదు. ఆవిడ కాస్త జరిగి, నీ కూతురొస్తే ఇక్కడ కూర్చోబెట్టవే అంది. ఈతైనా రాని పిల్లకా అని అందరూ పకపకా నవ్వారు. ఈత రాకపోతేనేం, ఇవాళ వద్దనడం వచ్చు కదే అంది అక్క.

నీకు తెలియనిదేముంది! దిగుదాం పదండనే వాళ్లను అందరూ మెచ్చుకుంటారు. ఇవాళ వద్దు, గాలి బాగాలేదు అన్న పెద్దావిడకే తిట్లు. కానీ ఆ రోజంతా ఒడ్డున కూర్చుని అలల మీంచి కళ్లు తిప్పనిదీ ఆవిడే.

నువ్వూ అదే చేశావు. పిల్ల కడుపులో ఉండగానే ఆ బుడగ కనిపించింది. ఏడాదిలోపు ఆపరేషన్ చేసి తీసేస్తే మున్ముందు చీము పట్టే భయం ఉండదని ఒక డాక్టరు. హాయిగా ఆడుకుంటున్న పిల్లను ఇప్పుడే కోయడమెందుకు, కనిపెట్టుకుని ఉందామని ఇంకొకరు. రెండూ తప్పు కాదు, మీరే తేల్చుకోండి అన్నారు. అసలు కష్టం అదే.

పైగా మీ అత్తగారి పోరొకటి. బిడ్డ గుండెలో ముల్లు పెట్టుకుని నీకు అన్నమెలా దిగుతుందే అని రోజూ సాధింపు. నువ్వు ఎదురు తిరగలేదట. ఆవిడ ముందు వేడివేడి సముద్రపు నాచు చారు పెట్టి, జ్వరమొస్తే ఆ గంటలోనే ఆస్పత్రి, బుడగ పెరిగితే ఆ నెలలోనే ఆపరేషన్, అంతవరకూ కాదు అత్తయ్యా, అన్నావట. ఎంత గర్వంగా ఉందో తల్లీ! ఆ బుడగ రేపు పెరగదని కాదు, పెరిగితే ముందు నీ కళ్లకే దొరుకుతుందని.

ఎండబెట్టిన సముద్రపు నాచు పంపుతున్నాను. యేదమ్ జావలో చిటికెడు వెయ్యి.

ఇట్లు,
నీ అమ్మ,
బు చున్‌జా

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. మీ అత్తగారి పోరు ఆవిడది కాదమ్మా, నాది. ప్రతి ఆదివారం ఆవిడకు ఫోను చేసి, వదినగారూ, ఎలాగైనా ఆపరేషన్ చేయించండి, నా పేరు మాత్రం ఎత్తకండి అని బతిమాలాను. నీతోనేమో నీ ఇష్టమే నా ఇష్టం అన్నాను. ఊపిరందక పైకి రాని మనుషుల్ని చూసినదాన్ని, భయం పట్టలేకపోయాను. ఆవిడ ఏడాది పొడుగునా నీ దగ్గర చెడ్డదైంది గానీ నన్ను బయటపెట్టలేదు. నువ్వు కాదన్నది నన్నే, యున్‌సిల్. కూతురి చేతిలో ఓడి ఇంత పొంగిపోయిన తల్లి ఉండదేమో. ముందు వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకో. నన్ను తిట్టడానికి తర్వాత ఫోను చెయ్యి.